గంగుబాయికి చెప్పని మాట

చెరుకు తప్ప మరొకటి పండదని ఊరంతా తేల్చేసిన నల్లరేగడిలో మొట్టమొదట పసుపు పండించి చూపించిన మనిషి గంగుబాయి. కోటగిరి పక్కనే వాళ్ల ఊరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, నరికిన చెరుకు ఎక్కడికి తోలాలో తెలియక మగవాళ్లు తలలు పట్టుకుని కూర్చున్న రోజులవి. ఆమె మెండోర దాకా బస్సులో పోయి విత్తనపు కొమ్ములు మూటలు కట్టి తెచ్చింది. మొదటి ఏడు కాలువ నీళ్లు నిలిచి పంటంతా కుళ్లింది. గంగుబాయి పసుపు వేయలేదు, బురద వేసిందని నవ్వారు. రెండో ఏడు ఎత్తుగా బోదెలు తోలించి, నీళ్లు పక్కకు జారేటట్టు చేసి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు ట్రాక్టర్ నిండా పసుపు పంపింది. నవ్విన వాళ్లే మరుసటి ఏడు విత్తనం కోసం ఆమె వాకిట్లో నిలబడ్డారు.

అంతటితో ఆగిందా? మహిళా సంఘానికి రెండుసార్లు అధ్యక్షురాలైంది. పిల్లకాలువలో పూడిక తీయిస్తానని మాట ఇచ్చేదాకా ఇంజనీరు జీపు ముందు నుంచి లేవలేదు. యాభై దాటాక ట్రాక్టర్ నడపడం నేర్చుకుంది. చదివింది ఐదో తరగతే అయినా ఆమె మైకు అందుకుంటే సభలో పిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. వీటన్నిటినీ మించిన పేరు పసుపు ఉడుకు చెప్పడంలో వచ్చింది. తవ్విన పసుపును ఆవిరి డ్రమ్ముల్లో ఉడికించేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలియాలి. పచ్చిగా దింపితే పురుగు పడుతుంది, మించితే రంగు చెడుతుంది. గంగుబాయి ఒక కొమ్ము విరిచి, వాసన చూసి, "అయింది" అంటే ఇక ఎవరూ మాట్లాడేది లేదు.

పెనిమిటి పోయాడు, పిల్లలు లేరు. గోడ పక్క ఇంట్లోనే యారాలు నాగవ్వ ఉంటుంది, గంగుబాయి మరిది భార్య, ఆమె పెనిమిటి కూడా పోయాడు. నాగవ్వ కొడుకు మల్లికార్జున్ ఇద్దరి పొలాలూ చూసుకుంటాడు.

రెండేళ్ల కింద, ఇందల్వాయి దగ్గర పెద్దవాళ్ల కోసం కట్టిన ఇళ్లలో చేరిన చుట్టం రాములవ్వను చూడటానికి యారాళ్లిద్దరూ పోయారు. ఎవరి ఇల్లు వారిదే, ఎవరి తాళం వారిదే. వండుకోవాలనిపిస్తే వండుకుంటారు, లేకుంటే అందరితో కలిసి తింటారు. గంగుబాయికి అది నచ్చింది. అక్కడి వ్యవహారాలు చూసే ధనలక్ష్మి ఒక మాట చెప్పింది. "తమ పని తాము చేసుకోగలిగినప్పుడే ఇక్కడికి రావాలమ్మా. మంచాన పడ్డాక తెచ్చి దింపితే మేం తీసుకోలేం."

తిరుగు ప్రయాణంలో బస్సులోనే గంగుబాయి లెక్క తేల్చుకుంది. "నాగవ్వా, నా తెలివి తప్పుడు మొదలైతే నాకు తెల్వదు. పక్కనున్నోళ్లకే ఎరుకైతది. నీకు ఎరుకైన నాడు నా మొఖం మీదనే చెప్పు."

"పాలు పొంగిచ్చినా చెప్పాల్నా?"

"అది నువ్వు పెండ్లైన కాడికెల్లి జేస్తున్నవు. నేను పసుపు ఉడుకు తప్పు జెప్పిన నాడు చెప్పు. ఆ యేడే పోత."

"చెప్తనక్కా. నాకేమన్న భయమా?"

"భయమే," అని గంగుబాయి నవ్వింది. అయినా చేతిలో చెయ్యి వేయించుకుంది.

ఈ ఫిబ్రవరిలో పసుపు తవ్వారు. ఏటేటా మహారాష్ట్ర వైపు నుంచి ఆవిరి బాయిలర్ తెచ్చే ఆత్మారామే ఈసారీ వచ్చాడు. గంగుబాయి కుడి పక్క డ్రమ్ములోంచి కొమ్ము తీసి, విరిచి, వాసన చూసి "అయింది, దింపు" అంది. "హో ఆయీ," సరేనమ్మా అని తన మరాఠీలో అంటూ అతను ఆవిరి కట్టేశాడు. ఆమె అన్నానికని ఇంటి దారి పట్టింది. సగం దూరం పోయాక కళ్లద్దాలు గట్టు మీదే ఉండిపోయాయని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

కుడి పక్క డ్రమ్ములోంచి మళ్లీ ఆవిరి లేస్తోంది. నాగవ్వ చీపురు పుల్లతో కొమ్మును గుచ్చి చూస్తోంది.

"నేను అయిందన్న డ్రమ్ము గదే గాదె?" అంది గంగుబాయి.

నాగవ్వ పుల్లను వెనక్కి దాచింది. "జర పచ్చిగుండె అక్కా."

"ఎప్పటి సంది నడుస్తుందిది?"

ఆత్మారాం తల వంచుకుని చెప్పాడు. "పోయినేడు గూడ గింతే ఆయీ. నువ్వు పోయినంక ఈ చిన్న ఆయీ మళ్ల పెట్టుమన్నది."

పోయినేడు ఆమె పసుపుకు యార్డులో మంచి ధర పలికింది. అంతా తన చేతి గుణమేనని గంగుబాయి దుకాణం దుకాణంలోనూ చెప్పుకుంది. ఇప్పుడు అదే ముందుగా గుర్తొచ్చి ఒళ్లంతా మండింది.

"నేను మురుసుకుంట తిరుగుతుంటె నా పక్కన నిలబడి నవ్వినవు గదనే."

"నీ పేరు నిలబెట్టిన గదక్కా."

"పేరు నిలబెట్టుమని నిన్ను ఎవలడిగిండ్రు? నిజం జెప్పుమన్న."

నాగవ్వ కళ్లు తుడుచుకుంది. "చెప్తె నువ్వు పోతవు. నువ్వు పోతె నేను పొద్దుందాక ఎవలతోని కొట్లాడాలె?"

పుల్లను చూసినప్పటి కన్నా ఈ మాటకే గంగుబాయి మనసు ఎక్కువగా విరిగింది. తన మీది జాలితో దాచి ఉంటే తిట్టి ఊరుకునేదేమో. "గట్లైతే నా కోసం గాదు, నీ కోసం దాసినవు. పోవుడా ఉండుడా అన్నది నేను జూసుకునేది. దాన్ని నువ్వు గుంజుకున్నవు." కళ్లద్దాలు తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఇందల్వాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. నిరుడే వచ్చి ఉంటే నేరుగా ఇల్లు ఇచ్చేవాళ్లమంది ధనలక్ష్మి. ఇప్పుడు రెండు నెలలు ఉండి చూడాలి, ఆమె తన పని తాను చేసుకోగలదో లేదో వాళ్లూ చూస్తారు. ఆ పైనే మాట. పోయిన ఏడాది విలువ ఎంతో అప్పుడు తెలిసింది గంగుబాయికి.

ఫిబ్రవరి చివర మల్లికార్జున్ కారులో తీసుకుపోయాడు. నాగవ్వ ఇంటి తలుపు తెరిచే ఉంది. గంగుబాయి అటు చూడలేదు.

"పెద్దవ్వా, అవ్వ సరిగ తింటలేదు," అన్నాడు దారిలో, తల్లి సంగతి ఎత్తుతూ.

"ఆకలైతె తింటది. నీకు గూడ ఎరుకేనారా?"

అతను రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. "ఎరుకే."

"పాల ప్యాకెట్లు ఏసెటోనికి గూడ ఎరుకేనా?"

"ఏమో, అడగాలె."

నవ్వు రావలసిన మాటే గానీ ఆమెకు రాలేదు. నిజామాబాద్ దాటేదాకా కిటికీ వైపే కూర్చుంది.

ఇందల్వాయిలో సామాను తనే దించుకుంది. అతను చెయ్యి వేయబోతే పక్కకు జరిపింది. గది తాళం తీసి, గ్యాస్ పొయ్యి ఒకసారి వెలిగించి, ఆర్పి, ఆరిందో లేదో రెండుసార్లు చూసింది.

"అవ్వకు ఏం జెప్పాలె పెద్దవ్వా?"

"ఈళ్లు ఉండుమంటె సామాను కోసం వస్త. పొమ్మంటె ఆ ఇంట్లనే ఉంటందుకు వస్త. నడిమిట్ల ఎవలు రావద్దు, నన్ను జూడొద్దు."

"ఎప్పుడొస్తవు మరి?"

గంగుబాయి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి పోయి, ఏప్రిల్ పేజీ ఎత్తి, ఎవరినీ అడగకుండా రెండు నెలలు తనే లెక్కగట్టి వేలు పెట్టి చూపించింది. ఇరవై ఆరు, ఐతారం.