పిచ్చయ్య గారి ఎడమ జేబు

నా నల్లకోటు మీద ఒట్టు. పాతికేళ్ళుగా బోనెక్కిన సాక్షుల ప్రమాణాలు వింటున్నవాణ్ణి, ఒట్టు బరువెంతో నాకు తెలుసు. అందుకని ముందే చెప్పేస్తున్నాను: ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. భవానీపురంలో నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. నవ్వనివ్వండి.

మొన్న మా వీధి చివర మందుల షాపులో బీపీ మాత్రలు కొని కార్డిచ్చాను. షాపాయన దాన్ని మిషనులో గీకాడు. మిషను కాసేపు ఆలోచించి, గొంతు సవరించుకుని, కిర్రుమంటూ చీటీ కక్కింది. వేడివేడి చీటీ, ఇస్త్రీ చేసిన గుడ్డకీ కాలిన కాగితానికీ మధ్యన ఉండే ఆ వాసన. అది అందుకోగానే నా చెయ్యి దానంతటదే చొక్కా కుడి జేబులోకి వెళ్ళింది. నా చొక్కాలన్నిటికీ రెండు జేబులుంటాయి.

"ఏంటి సార్, పోలీసు చొక్కాలు కుట్టిస్తున్నారా?" అన్నాడు షాపాయన.

"కాదండీ, గుమాస్తా చొక్కాలు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మీకు అర్థం కావాలంటే పిచ్చయ్య గారి గురించి చెప్పాలి.

పిచ్చయ్య గారు మా సీనియర్ విశ్వనాథం గారి గుమాస్తా. ప్లీడరు గుమాస్తా అంటే ఫైళ్ళు మోసే మనిషి అనుకునేరు. ఏ కేసు ఏ కోర్టులో ఎన్నో తారీఖుకి వాయిదా పడిందో, ఏ బెంచి క్లర్కుకి ఏ పూట మంచి మూడ్ ఉంటుందో, ఏ పార్టీ నిజం చెబుతోందో, ఎవరు మన దగ్గర కూడా అబద్ధమాడుతున్నారో ఆయనకి తెలుసు. మా వృత్తిలో కక్షిదారుని పార్టీ అంటాం. పార్టీలు సీనియర్ గారికి దణ్ణం పెట్టి, పనులు పిచ్చయ్య గారికి చెప్పుకునేవారు. నేను లా పూర్తిచేసి ఆ ఆఫీసులో జూనియర్‌గా చేరిన మొదటి రోజు ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "కోటు బానే ఉంది చిన్న ప్లీడరు గారూ, లోపల మనిషి సంగతి మెల్లిగా చూద్దాం" అన్నారు.

ఆయన చొక్కాకి రెండు జేబులు. గవర్నరుపేటలో ఒకే ఒక్క టైలరు ఆ రెండు జేబుల లెక్క విని నవ్వకుండా కుట్టేవాడు. కుడి జేబు మాది. ఫీజు, ఆఫీసు ఖర్చు, ఆయన జీతం, టీ డబ్బులు అందులోకి. ఎడమ జేబు పార్టీలది. కోర్టు ఫీజు, స్టాంపులు, కోర్టులో కట్టాల్సిన డిపాజిట్లు అందులోకి. ఎడమ జేబు కిక్కిరిసి ఉన్నా, కుడి జేబులో టీకి చిల్లర లేకపోతే ఆయన ఆ పూట టీ మానేసేవారు.

"ఓ రెండు రూపాయలేగా, సాయంత్రం పెట్టేస్తే పోలా?" అన్నాను ఒకసారి.

"ఇది మన జేబు కాదండీ. మన చొక్కాకి కుట్టారంతే."

ఒకసారి ఆయన సైకిలుతో సహా ఏలూరు కాలవలో పడ్డారు. ఎడమ జేబులో ఎవరివో స్టాంపులున్నాయి. నిండు కాలవ. ఆయన కుడివైపుకి ఒరిగి, ఒంటి చేత్తో ఈదుకుంటూ పై వంతెన దాకా వెళ్ళి గట్టెక్కారు. ఆఫీసుకొచ్చేసరికి మనిషికి నిలువునా గీత గీసినట్టు కుడి సగం నీళ్ళోడుతోంది, ఎడమ సగం ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. కుడి జేబులో నోట్లు ఫ్యాను కింద ఆరేసుకుంటూ, "పార్టీ స్టాంపులు ఇవిగోనండీ" అని పొడిపొడిగా టేబుల్ మీద పెట్టారు. ఇది నేను కళ్ళారా చూశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో కార్డు గీకే మిషన్లు వచ్చాయి. మా పార్టీలు కూడా అడగడం మొదలెట్టారు. ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్ ఇంజినీరు ఒకాయన అయితే ఫీజివ్వమన్నప్పుడల్లా జేబులోంచి కార్డు తీసి విసనకర్రలా ఊపుకునేవాడు. "మనమూ ఓ మిషను పెట్టుకుంటే ఈయన ఊపడం ఆగుతుంది" అన్నారు సీనియర్ గారు. అలా మిషను ఇచ్చే కంపెనీని ఎంచుకునే పని మా నెత్తిన పడింది.

మొదట ఒక టై అబ్బాయి వచ్చాడు. మే నెల విజయవాడలో మెడకి టై బిగించుకుని, చెమటతో పాటు మాటలు కారుస్తూ వచ్చాడు. పిచ్చయ్య గారు కళ్ళజోడు సవరించుకుని మూడు ప్రశ్నలేశారు.

"బాబూ, ఇవాళ కార్డు గీకితే డబ్బు ఎన్నో రోజుకి మా చేతికొస్తుంది?"

"వెంటనే సార్. నో ప్రాబ్లం."

"మీ కమీషను ఏ జేబులోంచి తీస్తారు?"

"జేబు ఏంటి సార్?"

"ఫీజుకి ఒక ఖాతా, పార్టీల సొమ్ముకి ఇంకో ఖాతా ఉన్నాయి మాకు. పార్టీ కోర్టులో కట్టమని ఇచ్చిన సొమ్ములోంచి మీరు కోస్తారా, మా ఫీజులోంచి కోస్తారా అని."

"అదంతా సిస్టమ్ చూసుకుంటుంది సార్. నో ప్రాబ్లం."

"సరే. కేసు ఓడిపోయిన పార్టీ ఇంటికెళ్ళి, బ్యాంకుకి ఫోన్ చేసి, ఈ ప్లీడరు నాకేం చెయ్యలేదు, నా డబ్బు నాకు తిప్పి పంపండంటేనో?"

టై అబ్బాయి టై ముడి కాస్త వదులు చేసుకున్నాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న విన్నాక వారం పాటు నిద్ర సరిగా పట్టలేదు, ఎందుకంటే అప్పటికి నా కేసులన్నీ ఓడిపోతున్నవే. "నో ప్రాబ్లం సార్" అన్నాడు చివరికి.

"మూడింటికీ ఒకటే మందు ఇచ్చే డాక్టరు దగ్గరికి నేను మళ్ళీ పోను" అని పిచ్చయ్య గారు లేచి వెళ్ళిపోయారు. కానీ మా సీనియర్ గారికి కొత్త వస్తువంటే మహా సరదా. దస్తావేజులో కామా దగ్గర కూడా ఆగి చదివే మనిషి, ఆ ఫారం చివరి పేజీకి తిప్పి ఆకుపచ్చ సిరాతో సంతకం గిలికేశారు. నాలుగో రోజున మిషను వచ్చింది. టెలిఫోను తీగ దానికి తగిలిస్తే కోడిపిల్లని పట్టుకున్నట్టు అరిచేది. పక్క గదిలో టైపిస్టు ఆ అరుపుకి ఉలిక్కిపడి ఒక వీలునామాలో వారసుడి పేరు మార్చేశాడంటే నమ్మండి.

ఇక నాగమణి సంగతి. ఆవిడది కొల్లేరు పక్క ఊరు. భవానీపురంలో చేపల షాపు అద్దెకి తీసుకుని, ఐసు పెట్టెలూ తక్కెడా పెట్టి, భర్త పోయాక ఒంటి చేత్తో నడుపుతోంది. షాపు యజమాని ఖాళీ చెయ్యమని దావా వేసి గెలిచాడు. మేము అప్పీలు వేస్తే పై కోర్టు స్టే ఇచ్చింది గానీ ఒక షరతు పెట్టింది: అద్దె బకాయి నలభై వేలు శుక్రవారం లోపు కోర్టు ఖాతాలో జమ చెయ్యాలి. రూపాయి తగ్గినా, రోజు దాటినా స్టే పోతుంది. సోమవారం ఆవిడ ఐసు పెట్టెలు రోడ్డు మీదికొస్తాయి.

మంగళవారం ఆవిడ తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి కార్డు తీసింది. "గుమాస్తా బాబాయ్, బ్యాంకోళ్ళు బతిమాలి మరీ ఇచ్చారు. ఇది మీ పెట్టెలో గీకెయ్యండి. నా షాపు నాకుంటే నెలనెలా నేనే కట్టుకుంటా."

గీకాం. కోడిపిల్ల అరిచింది. చీటీ వచ్చింది. నాగమణి దాన్ని వాసన చూసి, "చేప వాసన రాలేదే, డబ్బు నాదేనా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

వెంటనే వస్తుందన్న డబ్బు బుధవారం రాలేదు, గురువారం రాలేదు. శుక్రవారం ఉదయం పిచ్చయ్య గారూ నేనూ బ్యాంకుకి పరిగెత్తాం. ఒంటి గంట దాటాక జమ పడింది. ముప్ఫై తొమ్మిది వేల రెండు వందలు. కమీషను పార్టీ సొమ్ములోంచే కోసేశారు. చలానా కట్టే కౌంటరు రెండింటికి మూసేస్తారు. నాగమణికి కబురు పెట్టే టైము లేదు, సీనియర్ గారు వాదనల మధ్యలో ఉన్నారు, నా జేబులో బస్సు డబ్బులున్నాయి.

"ఎడమ జేబులో వేరే పార్టీల డబ్బుందిగా" అన్నాను. "రేపు పెట్టేద్దాం."

పిచ్చయ్య గారు నా వంక చూసిన చూపు నాకిప్పటికీ వీపు మీద దురదలా గుర్తుకొస్తుంది. ఆవేళ ఒకటో తారీఖు. పొద్దున్నే జీతం అందుకున్నారు. కుడి జేబులో చెయ్యి పెట్టి ఎనిమిది వంద నోట్లు లెక్కపెట్టి, బ్యాంకు డబ్బులో కలిపి కౌంటరులోకి తోశారు. క్యాషియరు చలానా మీద ముద్ర కొట్టి, కిటికీ తలుపు దించాడు.

బయటికొచ్చాక అన్నాను, "రెండు జేబులూ కలవకూడదన్నారుగా?"

"ఎడమ దాంట్లోంచి కుడి దాంట్లోకి రాకూడదన్నానండీ. కుడి నుంచి ఎడమకి పోకూడదని ఎప్పుడన్నాను?" అని, చలానా మడిచి ఎడమ జేబులో పెట్టుకుంటూ, "అయితే చిన్న ప్లీడరు గారూ, ఇప్పుడు నాకు టీ మీరే ఇప్పించాలి" అన్నారు.

మిషను ఆ సాయంత్రమే తిరుగు టపాలో పోయింది. నెల తర్వాత గన్నవరం నుంచి బస్సులో ఒక బ్యాంకు అమ్మాయి వచ్చింది. పేరు సునీత. పిచ్చయ్య గారు అవే మూడు ప్రశ్నలు వేశారు.

"డబ్బు మూడో రోజుకి వస్తుందండీ. సెలవొస్తే నాలుగు. మిగతా రెండూ నాకు తెలీదండీ."

"తెలీదా?"

"తెలీదండీ. రాసుకెళ్ళి మా మేనేజరు గారినడిగి చెప్తాను" అని నిజంగానే చిన్న పుస్తకంలో రాసుకుంది. జేబుల బొమ్మ కూడా గీసుకుంది.

ఆ అమ్మాయి గుమ్మం దాటకముందే పిచ్చయ్య గారు, "మన మిషను దొరికిందండీ" అన్నారు. వారానికి ఆ అమ్మాయి కాగితంతో వచ్చింది. పార్టీల సొమ్ము పైసా తగ్గకుండా మా దగ్గరున్న పార్టీల ఖాతాలోనే పడుతుంది, కమీషను అంతా మా ఫీజు ఖాతాలోంచే కోస్తారు. పార్టీ డబ్బు వెనక్కి అడిగితే ముందు మాకు కబురు పెట్టి మా జవాబు విని గానీ తేల్చరు. బ్యాంకు ముద్రతో. ఆ మిషను పదేళ్ళు పనిచేసింది. నాగమణి అప్పీలు గెలిచి, నాలుగు కేజీల కొరమీను ఆఫీసుకి పంపింది. పిచ్చయ్య గారు శాకాహారి. చేపలు నేను తిన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఒట్టేశాను గనక ఒప్పుకోవాలి, ఇందులో ఒకటి కల్పన. కాలవ నిజం, అడగండి, చూసినవాళ్ళింకా ఉన్నారు. వీలునామాలో పేరు మారడం నిజం. మీరు నమ్మనివన్నీ నిజాలే. మీరు ఆగకుండా చదివేసిన వాక్యం ఒకటుంది, అబద్ధం అక్కడుంది. ఆకుపచ్చ సిరా.

సీనియర్ గారు ఆ వారమంతా హైదరాబాదులో ఉన్నారు. వెళ్తూ, "చదివి చూసి, బాగుంటే మీలో ఎవరో ఒకరు నా తరఫున సంతకం పెట్టండి" అని మా ఇద్దరితో అన్నారు. పిచ్చయ్య గారు లేచి వెళ్ళిపోయాక టై అబ్బాయి నా వైపు తిరిగి, "డిసిషన్ మీదే కదా సార్" అన్నాడు. అప్పటిదాకా నన్నెవరూ సార్ అనలేదు. చదవలేదు, పెట్టేశాను.

మిషను తిప్పి పంపిన రోజు సీనియర్ గారు గట్టిగా అడిగారు, "ఇలాంటి ఫారం మీద నా తరఫున సంతకమెవరు పెట్టారయ్యా?" నేను నోరు తెరిచేలోపు పిచ్చయ్య గారు, "నేనేనండీ, తొందరపడ్డాను" అన్నారు. నలభయ్యేళ్ళ సర్వీసులో ఆయన పడ్డ ఒకే ఒక్క చీవాటు అది. మెట్ల మీద ఆయన్ని పట్టుకుని, సీనియర్ గారికి నిజం చెప్పేస్తానన్నాను.

"చెబుదురు గానిలెండి. ఈ వాయిదాకి వద్దు. పై వాయిదాకి చూద్దాం."

అడిగినప్పుడల్లా అదే మాట. వాయిదాలు వేస్తూ వేస్తూ ఆయన కాలం చేశారు. ఎనిమిది వందలు నేను తిరిగివ్వబోతే తీసుకోలేదు. టీలు మాత్రం చివరిదాకా ఇప్పించుకున్నారు.

మా సీనియర్ విశ్వనాథం గారికి ఇప్పుడు ఎనభై ఎనిమిది. భూతద్దం పెట్టుకుని నేను రాసిందల్లా చదువుతారు, తప్పులు పడతారు. సార్, వాయిదా ఇవాళ్టికి వచ్చిందండీ. ఆ సంతకం నాది.