బంజరు మీద పెట్టిన భోజనాలు

సిమెంటు కంపెనీ మేనేజరు మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నేను వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాను. నన్ను చూసి, "ఇంట్లో ఎవరూ లేరా అమ్మా?" అన్నాడు. ఎదురుగా నేను ఉన్నాను కదా. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అతను వచ్చింది నా చేను కోసం. జగ్గయ్యపేట పక్కనే మా ఊరు. మాది ఊళ్లో సంబంధమే. పసుపు కుంకుమల కింద మా నాన్న నాకిచ్చిన చేను అది. అందులో మోటబావి ఆయన తన చేతులతో తవ్విందే. ఆ నీళ్లకు కాస్త సున్నపు వాసన ఉండేది. చుట్టాలెవరైనా తాగితే మొహం చిట్లించేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన లేకపోతే నీళ్లు తాగినట్టే ఉండేది కాదు. పట్టా మా ఆయన పేరున రాయించారు. అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్లు, ఎవరూ తప్పనుకోలేదు.

మా చేల కింద సున్నపురాయి ఉందని కంపెనీ కనిపెట్టింది. చేలు తమకిస్తే బదులుగా గుట్ట అవతలి సర్కారు బంజరు మాకు ఇప్పిస్తామన్నారు. సర్కారు భూమిని అలా మార్చాలంటే హైదరాబాదులో శాసనసభ చట్టం చెయ్యాలట. రైతులే కోరుతున్నారని సభవాళ్లకు నమ్మకం కుదరాలి. అందుకని ఒక శాసనసభ్యుణ్ణి పిలిచి, ఆ బంజరు మీదే ఊరందరికీ భోజనాలు ఏర్పాటు చేశారు. ఇష్టం లేనివాళ్లు కూడా వచ్చి ఆయనతో చెప్పుకోవచ్చని మునసబుగారు దండోరా వేయించారు. నేను వెళ్లింది ఆ మాట నమ్మే.

గాడిపొయ్యి దగ్గర లారీలోంచి పీపాలు దింపుతున్నారు.

"ఈ నీళ్లెక్కడివి నాయనా?" అని వంటవాణ్ణి అడిగాను.

"పాలేటి వాగు నీళ్లమ్మా. ఇక్కడ చెయ్యి కడుక్కుందామన్నా చుక్క లేదు. పొద్దుట్నించీ లారీ తిరుగుతూనే ఉంది."

నాకు అంతకంటే ఏం కావాలి? తిన్నగా ఆ సభ్యుడి దగ్గరికి బయలుదేరాను. మునసబుగారు అడ్డొచ్చారు.

"ముందు భోజనం, తర్వాత మాటలు. కూర్చోమ్మా. ఖాళీ కడుపుతో ఉంటే నీకు కోపం ఎక్కువ."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా తోటికోడలు చెయ్యి పట్టి లాగింది. "కూర్చోవే, అందరూ చూస్తున్నారు." కూర్చున్నాను. ఆడవాళ్ల వరసకు ఎదురుగా మగవాళ్ల వరస. పప్పు, వంకాయ కూర, బూరెలు వడ్డించారు. నాలుగు ముద్దలు తిన్నానో లేదో, మేనేజరు ఆ సభ్యుణ్ణి మా వరసల పక్కనుంచి నడిపించుకుంటూ వచ్చాడు.

"చూడండి సార్, ఆడవాళ్లతో సహా అందరూ వచ్చారు. కాదన్నవాళ్లు ఒక్కరు లేరు."

ఆయన తల ఊపి కారు వైపు తిరిగాడు. తర్వాత మాటలంటూ ఏమీ ఉండవని అప్పుడు తెలిసింది నాకు.

మా వైపు పంక్తిలో ఒకరు మధ్యలో లేస్తే మిగతావాళ్లు తినకూడదు. నా పెళ్లిలో నెయ్యి సరిగా వెయ్యలేదని వియ్యాలవారి ముసలాయన ఒకరు లేస్తే, వరసంతా ఆకలితోనే లేచింది. మా నాన్న అందరినీ బతిమాలడం నా కళ్లారా చూశాను. ఇప్పుడు నేను లేస్తే ఊరంతా లేస్తుంది, ఆ సభ్యుడు ఆగుతాడు అనుకున్నాను. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను.

"అయ్యా! ఈ అన్నం వండటానికే నీళ్లు లారీలో వచ్చాయి. ఇక్కడ మా మిరపకు నీళ్లెవరు తెస్తారు?"

ఆయన ఆగాడు. "ఎవరీమె?"

"మా ఆవిడేనండి," అన్నారు మా ఆయన, విస్తట్లోంచి చెయ్యి తియ్యకుండానే. "దానికి కొంచెం..."

నేను వరస వైపు చూశాను. నా తోటికోడలు తల వంచుకుని పప్పు కలుపుకుంటోంది. నా పెళ్లినాడు లేచినవాళ్లలో సగం మంది అక్కడే ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. ఎవరో "ఇటు కాస్త పులుసు" అన్నారు. కారు వెళ్లిపోయింది.

తర్వాత బస్సెక్కి నందిగామ తాలూకా కచేరీకి ఎన్నోసార్లు తిరిగాను. అర్జీ పుచ్చుకోమని గుమస్తా కాళ్లా వేళ్లా పడ్డాను. "పట్టాదారు మీ ఆయన, ఆయన సంతకం పెట్టాడు. పైగా అందరూ కడుపు నిండా భోంచేసి వచ్చారటగా?" అన్నాడు. నేను సగంలోనే లేచానని చెప్పాను. అతను పక్క బల్ల వాడితో, "సగం తిన్నదట, సగం చేను వదిలెయ్యమందామా?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

చట్టం వచ్చింది. చేలు పోయాయి. బంజరు మీద బావి తవ్విస్తే నిలువెత్తు కూడా దిగకుండానే రాతిపలక తగిలింది. మిరప నారు పోశాం, ఎండిపోయింది. మళ్లీ పోశాం, అదీ ఎండిపోయింది. మా ఆయన పొద్దస్తమానం మంచం మీద పడుకుని వాసాల వైపు చూసేవారు. నేను మాత్రం ఊళ్లో ఏ పంక్తిలోనూ మళ్లీ కూర్చోలేదు. పిలిస్తే వెళ్లి, అక్షింతలు వేసి వచ్చేదాన్ని.

ఒక ఎండాకాలం కంపెనీ గొయ్యి వైపు వెళ్లాను. లోపల ఊరే నీళ్లు పనికి అడ్డమొస్తున్నాయట. ఇంజను పెట్టి తోడి వాగులో పోస్తున్నారు. మా బావి ఉన్న చోటు అదే. బిందె పెట్టబోతే కాపలావాడు అరిచాడు. "కంపెనీ నీళ్లమ్మా, ముట్టుకోకూడదు!"

"మీ మేనేజర్ని పిలువు, నేను చెప్తా," అని అక్కడే కూర్చున్నాను. చీకటి పడేదాకా కదల్లేదు. చివరికి వాడే విసుగెత్తి మొహం అటు తిప్పుకున్నాడు.

బిందె నింపుకుని ఇంటికొచ్చి మా ఆయనకు చెంబుతో నీళ్లిచ్చాను. ఒక గుక్క తాగి చెంబు దించారు. సున్నపు వాసన ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? నా వైపు చూశారు.

"తాగండి," అన్నాను. "మన నీళ్లే."