కట్టినవాడే విప్పాలి

పొద్దున్నే పొయ్యి ముట్టించేముందు అతను ఆవిరి ఒత్తిడి చూపే మీటరు అద్దం మీద నడివేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు. టక్, టక్. పాత మీటరు. దాని ముల్లు ఒక్కోసారి ఎక్కడో చిక్కుకుని అబద్ధం చెబుతుంది. తడితే ఉలిక్కిపడి నిజం దగ్గరికి వస్తుంది. బట్టలుతికే ఆ కార్ఖానాలో పంతొమ్మిదేళ్ళుగా బాయిలరు అతని చేతిలోనే ఉంది. గోడ అవతల ఆవిరి బల్లల మీద ఇస్త్రీ చేసే ఏడుగురు ఆడవాళ్ళు అతనికి టకటకయ్య అని పేరు పెట్టారు. ఆ ఏడుగురిలో అతని చెల్లెలు ఒకతె.

"లోపల ఎవరైనా ఉన్నారా అన్నయ్యా?" అని ఆమె రోజూ గోడ అవతలి నుంచి అడిగేది.

"ఉన్నాడమ్మా, ఉన్నాడు" అనేవాడు. ప్రభువు గురించే ఆ మాటని ఇద్దరికీ తెలుసు.

ఒక గురువారం మీటరు తట్టి, అలవాటు కొద్దీ నిచ్చెనెక్కి సేఫ్టీ వాల్వు చూశాడు. దాని లివరు ఇనప తీగతో కట్టేసి ఉంది. నాలుగు మెలికలు. కొసలు ఎవరికీ గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉన్నాయి. అంత పొందికగా తీగ కట్టేవాడు ఆ కార్ఖానాలో ఒక్కడే, మేనేజరు.

పది రోజులుగా ఆ వాల్వు ఒత్తిడి పెరగకముందే తెరుచుకుని ఆవిరి వదిలేస్తోంది. బల్లలు వేడెక్కడం లేదు. ఆసుపత్రి దుప్పట్లు తడితడిగా గుట్టలు పడుతున్నాయి. మెకానిక్కు వచ్చేవారం గాని రాడు. తీగ కడితే పని నడుస్తుంది, నిజమే. కాని ఆవిరి హద్దు దాటితే బయటికి పోవడానికి దారుండదు. అప్పుడది గోడని చూసుకుంటుంది. ఆ గోడ ఒక్క ఇటుక మందం. ఏడుగురు దానికి వీపు పెట్టి పొద్దంతా నిలబడతారు.

అతను పొయ్యి ముట్టించలేదు. కిందికి దిగి స్టూలు మీద కూర్చున్నాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. చర్చి సంఘంలో పెద్ద. ఆదివారాలు ఇతని పక్కనే మోకరిస్తాడు, ఇతని చెల్లెలికి పని ఇచ్చింది కూడా ఆయనే. ఆయన గదిలోకి వచ్చి, పొయ్యి ఇంకా ఎందుకు చల్లగా ఉందని అడిగాడు. తీగ విప్పితే ముట్టిస్తానన్నాడు ఇతను. విప్పితే దుప్పట్లు ఆరవని, ఆరకపోతే ఆసుపత్రివాళ్ళు ఇంకో చోటు చూసుకుంటారని, వారం రోజులకి కొంపలేం మునగవని మేనేజరు నచ్చజెప్పాడు. ఎంత చెప్పినా ఇతను స్టూలు మీంచి కదలకపోయేసరికి గొంతు తగ్గించాడు.

"మొన్న ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పావు కదా బ్రదర్, ప్రభువుండగా దేనికీ భయపడనని. ఇంత తీగముక్కకే జావగారిపోయావా?"

"భయంగానే ఉంది సార్. నా మోకాళ్ళు చూడండి."

"మరి నమ్ము. నమ్మి ముట్టించు. దూతలున్నారు, చూసుకుంటారు."

అతను లేచి నిలబడ్డాడు. "దేవాలయ శిఖరం మీంచి దూకమని ప్రభువుతో అన్న సాతాను కూడా దూతల పేరే చెప్పాడు సార్. ఆయన దూకలేదు."

మేనేజరు మొహం కందగడ్డయింది. తాళాల గుత్తి ఇమ్మన్నాడు. రేపు వేరే మనిషిని తెచ్చి ముట్టిస్తానని, నువ్విక రానక్కర్లేదని చెప్పాడు. అతను గుత్తి ఆయన చేతిలో పెట్టి బయటికి నడిచాడు.

ఆ పూట ఇస్త్రీవాళ్ళందరినీ ఇంటికి పంపేశారు. పని లేదు కనుక కూలీ లేదు. చెల్లెలు వీధి మలుపులో అతన్ని అందుకుంది.

"నీ భక్తి మా పొయ్యిలో నీళ్ళు పోసింది అన్నయ్యా. ఆ తీగేదో నువ్వే విప్పేస్తే పోయేది కదా."

"నేను విప్పితే ఆయన మళ్ళీ కడతాడు. కట్టినవాడే విప్పాలి."

"ఆయన విప్పడు. రేపు ఇంకెవడో వచ్చి ముట్టిస్తాడు. నీ ఉద్యోగమూ పోయె, మా కూలీ పోయె. ఏం సాధించినట్టు?"

 అతను నడుస్తూనే, ఇరవయ్యారేళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పాడు. వాళ్ళ తమ్ముడికి మొహం ఒకవైపు మైనంలా కరిగి గట్టిపడి ఉంటుంది. ఇతను అంతకుముందు పనిచేసిన కార్ఖానాలో బాయిలరు పేలి అలా అయిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు దాన్ని ముట్టించినవాడు ఇతనని కూడా తెలుసు. వాల్వు తెరుచుకోకుండా లివరుకి అక్కడి యజమాని ఇనప దిమ్మ వేలాడదీశాడని, ఇతను ముందే చూశాడని మాత్రం తెలియదు.

"చూశాను. కడుపులో వణుకు పుట్టింది. ప్రార్థన చేసుకుని ముట్టించాను. దేవుడు కాపాడలేదని చాన్నాళ్ళు ఏడ్చానమ్మా. ఆయన ముందే చెప్పాడు. ఆ వణుకు ఆయన పంపిందే. నేనే దాన్ని ప్రార్థనతో నొక్కేశాను."

చెల్లెలు ఆగిపోయింది. అతని మొహంకేసి చాలాసేపు చూసింది. అతన్ని దాటుకుని గబగబా ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం అతను మంచం పక్కన మోకరించాడు. ధైర్యం ఇమ్మని అడగలేదు. వణికితే వణకనీ, తప్పుకోకుండా ఉంటే చాలన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా కార్ఖానాకి వెళ్ళాడు. బాయిలరు గదికి తాళం వేసి ఉంది. ఇస్త్రీ గది తలుపు తీసి ఉంది. ఆ తాళంచెవి ఎప్పుడూ చెల్లెలి దగ్గర ఉంటుంది. ఆమె వాకిట్లో నిలబడి ఉంది, మిగతా ఆరుగురూ ఆమె వెనక ఉన్నారు. ఒక్కరూ బల్లల దగ్గరికి వెళ్ళలేదు. ఆమె పక్కకి తప్పుకుని, రెండు గదుల మధ్య ఉన్న, తాళం లేని చిన్న తలుపు చూపించింది.

అతను లోపలికి వెళ్ళి మీటరు అద్దం మీద రెండుసార్లు కొట్టాడు. ముల్లు సున్నా దగ్గరే ఉంది, కదల్లేదు. స్టూలు లాక్కుని, పొయ్యి తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి. గేటు దగ్గర మేనేజరు బండి ఆగింది. అతను తీగ కత్తిరించే ప్లయరు జేబులోంచి తీసి, పిడి ఆయన వైపు ఉండేట్టు పట్టుకున్నాడు.