పెదనాయన కట్టుడు పళ్ళు

పోయిన వారం నాకు పళ్ళ సెట్టు అమర్చిన డాక్టరమ్మ, మొదట్లో మెత్తటివే తినండి, రెండు దవడలతో సమంగా నమలండి అని చెప్పి పంపింది. ఇంటికొచ్చి ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుంటే రబ్బరు నమిలినట్టుంది. ఆ అవస్థలో మా పెదనాయన జ్ఞాపకం వచ్చాడు.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో నేను కదిరిలో కొత్త టీచరును. పెదనాయన ఊరు అక్కడికి బస్సులో గంట దూరం. ఆయనకు పిల్లల్లేరు. పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన పళ్ళు ఊడిపోతున్న సంగతి మాకెవరికీ తెలియలేదు. ఆమె రొట్టెను పాలలో నానబెట్టి, చెనిక్కాయలను మెత్తటి పొడి చేసి, అడక్కుండానే ముందు పెట్టేది. ఆమె పోయిన ఏడాదికి ఆయన అనంతపురం పోయి పళ్ళు కట్టించుకున్నాడు. అద్దంలో చూసుకుని, “ఎవురప్పా ఈ పెండ్లికొడుకు!” అని తనే నవ్వుకున్నాడట.

ఆ కొత్త పళ్ళతోనే మా చెల్లెలి పెళ్ళికి వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. ఓళిగ, అదే బొబ్బట్టు, కొరికి లాగేసరికి పై పళ్ళు పూర్ణానికి అంటుకుని దాంతోపాటే బయటికొచ్చాయి. “ఏమన్నా, ఓళిగే నిన్ను కరిసిందే!” అని ఎదుటి పంక్తిలోంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన పళ్ళను తువ్వాలులో చుట్టుకుని, సగం తిన్న విస్తరి ముందునుంచి లేచిపోయాడు. ఆ తర్వాత ఏ విందుకూ రాలేదు.

నా నవ్వు నన్నే పొడుస్తుంటే ఒక ఆదివారం ఆయన ఊరికి పోయాను. మిట్టమధ్యాహ్నం. వాకిలి దగ్గరగా వేసి ఉంది. లోపల మాటలు వినిపిస్తే ఎవరో వచ్చారనుకున్నాను. తలుపు తోస్తే గోడవైపు తిరిగి ఒక్కడే జొన్నరొట్టె తింటున్నాడు.

“ఎవరితో మాట్లాడుతున్నావు పెదనాయనా?”

“ఎవురూ లేరమ్మా. తింటా మాట్లాడితే పళ్ళు కుదురుకుంటాయని డాక్టరు చెప్పినాడు. నమిలేది వచ్చినాది. మాట్లాడేకి మనిషి యాడుండాడు? చేను ఎండిపోయిందని మీ పెద్దమ్మకు చెప్తాండా.”

నేను పక్కనే కూర్చున్నాను. తన రొట్టెలో సగం తుంచి నాకు పెట్టాడు. కాసేపటికి ధైర్యం చేసి, “ఆ పొద్దు నేనూ నవ్వినా పెదనాయనా” అన్నాను.

నిదానంగా నమిలి మింగాడు. “చూసినాలేమ్మా. నాకూ నవ్వే వచ్చినాది. నవ్వితే కిందివి కూడా రాలతాయని లేచి పోయినా.”

ఇద్దరం నవ్వాం. పళ్ళు జారాయి. బొటనవేలితో పైకి నెట్టుకుని, చేను మాట ఆపిన చోటినుంచే అందుకున్నాడు. ఆ పూట రెండు రొట్టెలు తిన్నాడు. నన్ను బస్సెక్కిస్తూ, “వచ్చే ఆదివారమూ రామ్మా. ఇంగా గట్టివి తినేది నేర్చుకోవల్ల” అన్నాడు.

తర్వాత రెండు ఆదివారాలు పోయాను. ఆ పైన బడి పరీక్షలు, దిద్దవలసిన పేపర్లు, గుంతకల్లుకు బదిలీ. ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు. ఆ వయసులో నా ముందు లెక్కలేనన్ని ఆదివారాలు ఉన్నట్టుండేది. ఆయనకూ అన్ని ఉంటాయనుకున్నాను.