రాజు దాటని గుమ్మం

సముద్రపు రేవున్న మార్సెయ్ ఊరి రాజద్వారానికి కాపలా ఒనొరాద. మొగుడు పోయాక ఆ తాళంచెవి ఆవిడ నడుముకు చేరింది. నోరు మాత్రం పుట్టుకతోనే వచ్చింది. పొద్దున్నే పెద్ద తలుపుల్లోని చిన్న దిడ్డి వాకిలి తీసి, పొడుగాటివాళ్ళు వస్తుంటే కేకేసేది: "వంగండి నాయనా, గుమ్మం తగులుతుంది! బుర్ర మీదే గానీ గుమ్మం ఊరిది!" జాలరైనా షావుకారైనా తల వంచి రావలసిందే.

రాజులకు వేరే పద్ధతి ఉండేది. ఎంతటి రాజైనా మూసిన తలుపుల ముందు ఆగి, ఈ ఊరి హక్కుల జోలికి రానని ప్రమాణం చెయ్యాలి. ఆ తరవాతే తాళం తీసేది. ఇప్పటి రాజు తండ్రి అలాగే ఆగి, ప్రమాణం చేసి మరీ వచ్చాడు. ఆనాడు తాళం తీసింది ఒనొరాద మామగారే.

ఈ కుర్రరాజు లూయీకి అది గిట్టలేదు. దేశంలో తన మాట తప్ప ఇంకో మాట వినబడకూడదట! మా పెద్దల్ని మేమే ఎన్నుకుంటామని ఊరు మొండికేసినందుకు సైన్యాన్ని దింపాడు. ఊరి ఫిరంగులు లాక్కున్నారు. ఇంటింటికీ సిపాయిల్ని తిండికి తోలారు. ఒనొరాద ఉప్పుచేపల జాడీ అడుగంటింది. అక్కడితో ఆగారా? ద్వారం పక్కనే గోడ పగలగొట్టమన్నారు. రాజు గుమ్మంలోంచి రాడట, గెలిచిన కోటలోకి వచ్చినట్టు గోడ కూల్చి వస్తాడట!

ఆ పనికి పట్టుకుపోయిన తాపీవాళ్ళలో ఆవిడ కొడుకు లజార్ కూడా ఉన్నాడు.

"కొట్టకపోతే ఉరి తీస్తారమ్మా," అన్నాడు మొహం ఎత్తకుండా.

"కొట్టరా. నీ మెడ నాక్కావాలి. కానీ నేను చచ్చినా ఆ కన్నంలోంచి అడుగు పెట్టను. శవాన్నయినా సరే, గుమ్మంలోంచే మొయ్యాలి. నా మీద ఒట్టెయ్యి."

వాడు తల్లి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

రాజు వచ్చిన రోజు చలిగాలి ఈడ్చి కొడుతోంది. ఊరినంతా కన్నం దగ్గర నిలబెట్టి జేజేలు పలికించారు. ఒనొరాద మాత్రం మూసిన ద్వారం ముందు పీట వేసుకుని, తాళంచెవి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక సైనికాధికారి చూసి గుర్రం ఆపాడు.

"ఇక్కడేం చేస్తున్నావే ముసలీ?"

"రాజుగారొస్తారంటగా. ప్రమాణం చేయించి తలుపు తియ్యాలి."

"ఆయన ఎప్పుడో వచ్చేశారు! లోపలున్నారు!"

"నేను చూళ్ళేదే! ఈ గుమ్మంలోంచి ఎవరూ రాలేదు. గోడకి కన్నమేసి వచ్చేవాణ్ణి మా ఊళ్ళో రాజనరు నాయనా. ఏమంటారో మీ ఊళ్ళోనూ తెలిసే ఉంటుంది."

వాడి చెయ్యి కొరడా మీదికి పోయింది. "తాళం ఇటియ్యి!"

"ప్రమాణం చేసి తీసుకో. రాజు తరఫున నువ్వు చేసినా సరే."

వాడు చేస్తాడా! చెంప పగలగొట్టి, వేళ్ళు విరిచి తాళంచెవి లాక్కుపోయాడు. ఆవిడ కింద పడింది గానీ ఏడవలేదు. లేచి మళ్ళీ పీట మీదే కూర్చుంది. ఆ వేళ్ళు ఇక ముడుచుకోలేదు.

తరవాత అంతా రాజు అనుకున్నట్టే అయింది, దాచడమెందుకు. ఊరి పెద్దలు రాజుగారి మనుషులైపోయారు. రేవు దగ్గర కొత్త కోట లేచింది. దాని ఫిరంగులు మా ఇళ్ళ వైపే గురిపెట్టి ఉంటాయి, సిగ్గులేకుండా! కొన్నేళ్ళకు ఊరు పెంచాలని పాత గోడనూ రాజద్వారాన్నీ కూడా నేలమట్టం చేశారు. ఒనొరాద మాత్రం చేపల బుట్టతో ఆ ఖాళీ జాగాలో గుమ్మం ఉన్న చోటు వెతుక్కుని, తల వంచి దాటేది. జనం నవ్వేవారు.

"నవ్వండి, నవ్వండి. వాళ్ళు కూల్చింది రాళ్ళనే," అనేది.

ఆవిడ పోయిన రోజు వాన. శవపేటిక మోసే నలుగురూ దగ్గర దారని, ఒకప్పుడు కన్నం పడిన చోటు మీదుగా పోబోయారు. ముందు పట్టిన లజార్ చటుక్కున పక్కకు తిరిగాడు. మోకాలి లోతు బురదలో నడిచి ఒకచోట ఆగాడు.

"ఎక్కడికిరా? అక్కడేముందని?" వెనకవాడు విసుక్కున్నాడు.

"వంగండ్రా," అన్నాడు లజార్. "గుమ్మం తగులుతుంది."

మిగతా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, వాడితోపాటు తలలు వంచారు. వెనక వస్తున్న జనం కూడా, దారిలో నిలబడ్డ రాజుగారి సిపాయిలు చూస్తుండగానే, ఒక్కొక్కరే అక్కడికి వచ్చి తల వంచి దాటారు.