మా నాయనమ్మ శంఖంలో సముద్రం

పాప జ్వరంతో మూలుగుతుంటే, ఎప్పుడో చచ్చిన నత్త వదిలిన పెంకును అడిగి వైద్యం నిర్ణయిస్తారా మీరు? నవ్వకండి. నా చిన్నప్పుడు మా ఇంట్లో అదే పద్ధతి.

మాది మైదానం నుంచి వచ్చిన వ్యాపారుల కుటుంబం. మన్యం కొండల్లో, గూడెం కొత్తవీధిలో కొట్టు. మా నాయనమ్మ పుట్టింది భీమిలి దగ్గర, సముద్రం పక్కన. పెళ్లయి కొండ మీదికి వచ్చాక ఆమెకు సముద్రం ఒక్క శంఖంలోనే మిగిలింది. రామేశ్వరం యాత్రలో కొన్నది. అంచున వేళ్లలా సాగిన కొమ్ములు, లోపల లేత గులాబీ రంగు. సాయంత్రం పూట దాన్ని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేది. అక్కడితో ఆగి ఉంటే నేనిది రాసే పనే లేదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆ శంఖాన్నే అడిగేది. హోరు వినిపిస్తే గంగమ్మ చల్లగా చూస్తున్నట్టు. జ్వరం దానంతటదే పోతుంది, రోగి గడప దాటకూడదు. హోరు ఆగితేనే ఆసుపత్రి. అది ఏనాడూ ఆగలేదు.

ఒక వానాకాలం మా చెల్లికి చలిజ్వరం పట్టుకుంది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు తగ్గలేదు. తర్వాత పిలిస్తే పలకడం కూడా మానేసింది. శంఖం మాత్రం ఎప్పట్లాగే హోరుమంది. నాన్న తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. అమ్మ కోడలు; వంటింటి గుమ్మంలో నిలబడి ఏడవడమే ఆమెకు దక్కిన హక్కు.

సీతంపేటలో కాపురముండే మా మేనత్త అప్పుడు పుట్టింటికి వచ్చి ఉంది. ఆమె వాదన పెట్టుకోలేదు. కొట్లో చోళ్లు, అదే రాగులు, కొలిచే ఇత్తడి పాత్ర తవ్వను కొంగుచాటున తెచ్చి, తల్లి వెనక కూర్చుని కళ్లు మూసుకోమంది. ఒక చెవి దగ్గర శంఖం, రెండో చెవి దగ్గర తవ్వ, ఆనీ ఆననట్టు పట్టుకుని, సముద్రం ఎటుందో చెప్పమంది.

నాయనమ్మ కాసేపు విని కుడివైపు చెయ్యి చూపించింది.

“ఇటేనే. ఇటే బాగా ఇనిపిస్తంది.”

కళ్లు తెరిచింది. అటు ఉన్నది తవ్వ.

బోలుగా ఉన్న ఏ పాత్రయినా చుట్టుపక్కల చప్పుళ్లనే పోగుచేసి హోరుగా వినిపిస్తుందని నేను పుస్తకాల్లో చదువుకున్నది చాలా ఏళ్ల తర్వాత. అప్పుడు మాత్రం నాయనమ్మ కోపంతో లేస్తుందనుకున్నాను. అత్త నవ్వలేదు. తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

“అమ్మా, ఇందులో బతికిన నత్తని ఎవులో పీకి పారేసినారు. అది తన పేణమే కాసుకోలేకపోనాది. మన గుంటపిల్లని ఏటి కాస్తాది?”

నాయనమ్మ శంఖాన్ని అందుకుని పక్కన పెట్టేసింది. తర్వాత నాన్న వైపు తిరిగింది.

“జీపు బేగి తే.”

పాడేరు ఆసుపత్రి దాకా చెల్లిని తన ఒళ్లోంచి ఎవరికీ ఇవ్వలేదు. సూదిమందులు పడ్డాయి, పిల్ల కళ్లు తెరిచింది. ఇప్పుడు చెల్లి మనవల్ని బడి దగ్గర దింపుతోంది.

మూఢనమ్మకాల మీద తర్వాత నేను ఎన్నో సభల్లో వాదించాను. గెలిచాను కూడా. ఎదుటివాడు తలదించుకున్న ప్రతిసారీ అత్త చెయ్యి గుర్తొస్తుంది. అబద్ధాన్ని పట్టివ్వాలి, దాన్ని నమ్మిన మనిషిని పడిపోకుండా పట్టుకోవాలి. ఆ రోజు నుంచి నాతో ఉన్నది ఇదే.

ఇవాళ పెంకులూ తాయెత్తులూ ఫోన్లోకి ఎక్కాయి. వాటితో తీరిగ్గా పోట్లాడదాం. మీ ఇంట్లో బిడ్డకు జ్వరం కాస్తుంటే మాత్రం ఇక్కడితో చదవడం ఆపండి. లేవండి, బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి బయల్దేరండి.