తువ్వాల కింద కొమురయ్య జవాబు

అది 1962. వరంగల్‌లో ఒక సర్కారు దవాఖానలో నేను డ్రెస్సర్‌ను, అంటే గాయాలు కడిగి కట్లు కట్టేవాణ్ని. బడి చదువు నాలుగో తరగతితోనే ఆగింది. మిగిలిందంతా వార్డులో తిరుగుతూ, డాక్టర్లను విసిగించి అడిగి నేర్చుకున్నదే. మాట పడిపోయినవాణ్ని పిచ్చివాడనడం ఇప్పటికీ వింటున్నాను. విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అందుకే కొమురయ్య సంగతి రాస్తున్నాను.

కొమురయ్య పరకాల అంగట్లో ఎడ్ల దళారి. ఒక కోడె తన్నితే రాయి మీద పడి తల ఎడమ పక్క పగిలింది. గాయం మానుతూ వచ్చింది. కుడిచెయ్యి కొంచెం మొద్దుబారినా పట్టు ఉంది. మాట మాత్రం పోయింది. ఏమడిగినా నోట్లోంచి 'ఆఁ' ఒక్కటే. జొన్న గట్క తింటవా అంటే 'ఆఁ' అనేవాడు, భార్య లచ్చమ్మ ముద్ద పెడితే ఉమ్మేసేవాడు. పండుకుంటవా అంటే 'ఆఁ' అని లేచి కూర్చునేవాడు.

వాళ్లన్న సాయిలు చూసి చూసి, "పట్నం తోల్కపోయి పిచ్చి దవాఖానల ఏస్త. బండి గూడ మాట్లాడిన," అన్నాడు.

లచ్చమ్మ మంచం కోడు పట్టుకుని కదల్లేదు. "పిచ్చోడైతే నన్ను జూసి ఎందుకేడుస్తడు బావా?"

డాక్టర్ సాబ్ సాయిలుకు నిదానంగా చెప్పారు. "దీన్ని అఫేసియా అంటారు. మెదడులో మాటలు కూర్చే చోట దెబ్బ తగిలింది. తెలివి ఉంది. ఔననబోయినా కాదనబోయినా ఆ ఒక్క మాటే వస్తుంది."

"తెలివున్నోడు బువ్వ ఉముస్తడా సార్?" అన్నాడు సాయిలు.

ఆ మధ్యాహ్నం అంగట్లో కొమురయ్య జోడీ ఖాజా మియా పలకరించడానికొచ్చాడు. "ఏం కొమురన్నా, నువ్వు లేక ఒక్క బేరం కుదుర్తలేదు," అంటూ పక్కన కూర్చుని, అలవాటుగా చెయ్యి పట్టి మీద తువ్వాల కప్పాడు. ఎడ్ల బేరం నోటితో సాగదు. నలుగురికీ తెలియకుండా తువ్వాల కింద వేళ్లతో సాగుతుంది. ఒప్పుకుంటే గట్టిగా పట్టాలి, లేకుంటే చెయ్యి లాక్కోవాలి.

"బీడీ తాగుతవా?" అని అడిగాడు ఖాజా.

"ఆఁ."

ఖాజా ముఖం మారింది. "జర ఆగున్రి. నోరు ఔనంటాంది, చెయ్యి గుంజుకుంటాండు."

"నీ బీడీల కంపు ఆయనకెన్నడు పడ్డది?" అంది లచ్చమ్మ. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

అంతమాత్రానికే నమ్మకూడదని నేనూ తువ్వాల కింద చెయ్యి పెట్టాను. జవాబు తెలిసినవే అడిగాను. నీ పేరు సాయిలా? చెయ్యి లాగేశాడు. ఈమె నీ భార్యేనా? గట్టిగా పట్టాడు. ఎన్ని విధాల అడిగినా చేతి జవాబు తప్పలేదు. వెంటనే సాయిలును పిలిచాను.

"నన్నెందుకు? నువ్వే అడుగు," అన్నాడు.

"పంపేది నువ్వు. అడగాల్సింది నువ్వే."

సాయిలు కూర్చుని తువ్వాల కింద తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. "పట్నం దవాఖానకు పోతవా తమ్మీ?"

"ఆఁ," అన్నాడు కొమురయ్య. సాయిలు నా వంక చూసేలోపే తమ్ముడు చెయ్యి లాగేశాడు. సాయిలు దాన్ని మళ్లీ వెతికి పట్టుకున్నాడు.

"ఇంటికి పోదమా?"

ఈసారి విడిపించుకోవడం సాయిలు తరం కాలేదు. "బండోనికి అద్దని చెప్పొస్త," అన్నాడు.

గాయం పూర్తిగా మానాకే ఇంటికి పంపుతామన్నారు డాక్టర్ సాబ్. అందాకా రోజూ చేత్తో జవాబు చెప్పించి, వెంటనే ఆ మాటనే నోటితో అనిపించేవాణ్ని. అడిగాక తొందరపెట్టకుండా ఆగడం లచ్చమ్మకు నేర్పాను. చాన్నాళ్లు ఏమీ మారలేదు. ఒకరోజు తలకు కట్టు కడుతూ, "ఇంకా బిగించనా?" అన్నాను.

"అద్దు."

వద్దన్న తన మాటకు కొమురయ్య తానే ఉలిక్కిపడ్డాడు. నేను కట్టు వదులు చేసి, వార్డంతా తిరిగి చెప్పుకున్నాను. నా నౌకరీలో నేను ఛాతీ విరుచుకుని నడిచిన రోజు ఏదంటే అదే.

రోగి ఊఁ కొడితే చాలు, ఒప్పుకున్నాడని పని కానిచ్చేస్తారు. వద్దనడానికి దారి లేనివాడి సరే ఏం సరే? అప్పటి నుంచి ఏ మంచం దగ్గరికి పోయినా, ఈ మనిషి వద్దనాలంటే ఎట్లా అంటాడన్నదే నేను మొదట తెలుసుకున్నాను.